ఇంజనుకి ఇసుక ఎందుకు?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత లోకో ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించీ, మెడికల్ కార్డుల గురించీ కార్యదర్శిగారు చెప్పవలసినదంతా చెప్పేశారు. భోజనాలకు ఇంకా అరగంట టైముందట. ఆ అరగంటలో నేను ఇసుక గురించి మాట్లాడతాను. నవ్వకండి. మన ఇళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ ఏదో ఒకనాడు అడిగిన ప్రశ్నే ఇది: "అంత ఇనుప ఇంజనులో మళ్ళీ ఇసుక పోస్తారేమిటండీ, బరువు కోసమా?" బరువు కోసం కాదు. పట్టు కోసం.

మనలో చాలామందికి అన్నం పెట్టిన డబ్ల్యు.డి.ఎం.-2 డీజిల్ ఇంజనునే తీసుకుందాం. 1962లో అమెరికా నుంచి వచ్చింది, 1964 నుంచి వారణాసిలో మనమే తయారుచేసుకున్నాం. 2600 హార్స్‌పవరు. బరువు సుమారు 113 టన్నులు, చక్రాలు పన్నెండు. అంటే ఒక్కొక్క చక్రం మీద తొమ్మిది టన్నులకు పైమాటే. ఆ తొమ్మిది టన్నులూ పట్టా మీద ఆనేది ఎంత మేర అనుకున్నారు? బొటనవేలి గోరంత. పన్నెండు గోళ్ళంత చోటు మీద నిలబడి ఇంజను మొత్తం బండిని లాగాలి.

ఆ చోట పట్టు ఉంటేనే 2600 హార్స్‌పవరుకి విలువ. ఈ ఇంజను బయలుదేరేటప్పుడు సుమారు 30 టన్నుల లాగుడు ఇస్తుందని పుస్తకంలో ఉంటుంది. అది దాని బరువులో 27 శాతం. పట్టా పొడిగా, శుభ్రంగా ఉంటే ఆ మాత్రం పట్టు దొరుకుతుంది. తడిసి జిడ్డు పట్టిందనుకోండి, పట్టు 15 శాతానికి పడిపోవచ్చు. అప్పుడదే ఇంజను 17 టన్నులే లాగగలదు. మిగతా బలమంతా చక్రం ఉన్నచోటే గిర్రున తిరగడానికి పోతుంది.

ఇప్పుడు నూటికి ఒకటి గ్రేడియంటు చూడండి. వంద మీటర్లకు ఒక మీటరు ఎక్కాలి. నడిచి వెళితే మనకు తెలియను కూడా తెలియదు. ఈ వయసులో తెలుస్తుందేమో గాని, అప్పట్లో తెలిసేది కాదు. బండీ ఇంజనూ కలిపి 1600 టన్నులుంటే, ఒక్క ఎక్కడానికే 16 టన్నుల లాగుడు కావాలి. బేరింగుల నిరోధం, వంపుల నిరోధం కలిపితే 20 దాటుతుంది. పొడి పట్టా మీద ఎక్కుతుంది. తడి పట్టా మీద అదే బండి, అదే ఇంజను, అదే డ్రైవరు, మధ్యలో నిలిచిపోతుంది. స్టాల్ అయిందంటాం. వెనక బళ్ళన్నీ ఆగుతాయి, కంట్రోలరు ఫోను మోగుతూనే ఉంటుంది, ఆ తరవాత రాతపూర్వకంగా సంజాయిషీ.

మరి తడి అంటే పెద్ద వాన అనుకుంటారు. కాదు. పెద్ద వాన పట్టాను కడిగేస్తుంది. ప్రమాదమంతా సన్నటి తుంపరలో, తెల్లవారుజాము మంచులో. పట్టా మీద తుప్పూ, దుమ్మూ, ఇంజన్ల నుంచి కారిన నూనే కలిసి ఆ కొద్దిపాటి తడికి పేస్టులాగా తయారవుతాయి. కొత్తవలస - కిరండూల్ లైనులో పనిచేసిన సోదరులు ఇక్కడ నలుగురైదుగురు కనిపిస్తున్నారు, వారికి నేను చెప్పనక్కరలేదు. శిమిలిగూడ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. సొరంగాలు యాభైకి పైనే. బయట ఎండ కాస్తున్నా సొరంగంలో పైనుంచి చుక్క చుక్కా కారుతూ ఉంటుంది. పొడి పట్టా మీంచి తడి పట్టా మీదికి ఒక్క క్షణంలో వెళ్ళిపోతాం. ఇనుపరాయి లోడుతో అటునుంచి ఎక్కేటప్పుడు లాగడానికి పట్టు కావాలి. ఇటు దిగేటప్పుడు ఆపడానికి పట్టు కావాలి. చాలామంది రెండోది మరిచిపోతారు. ఇసుక లాగడానికే కాదు, ఆపడానికీ కావాలి.

ఇసుక చేసే పని చిన్నదే. పెడలు నొక్కితే గాలి ఒత్తిడికి పెట్టెలోంచి ఇసుక పైపు ద్వారా జారి, చక్రమూ పట్టా కలిసే మూలలో పడుతుంది. చక్రం దాన్ని పిండి చేస్తుంది. ఆ పదునైన పొడి జిడ్డు పొరను చీల్చుకుని ఇనుముకూ ఇనుముకూ మధ్య పట్టు కలిగిస్తుంది. గుప్పెళ్ళకొద్దీ అక్కరలేదు, సన్నటి ధార చాలు. కాని సరిగ్గా ఆ మూలలోనే పడాలి. పైపు మూతి రెండంగుళాలు పక్కకు వంగితే ఇసుకంతా కంకరలోకి పోతుంది, పి.డబ్ల్యు.ఐ. గారితో మాట పడటం తప్ప మరో ఫలితం ఉండదు.

వేయడంలోనూ ఒక పద్ధతి ఉంది. జారకముందే వేయాలి. చక్రం జారడం మొదలయ్యాక ముందు హ్యాండిల్ తగ్గించాలి, చక్రం నిలదొక్కుకోవాలి, అప్పుడు ఇసుక. పూర్తి వేగంతో గిర్రున తిరిగే చక్రం కింద ఇసుక పోస్తే అది ఒక్కసారిగా పట్టేస్తుంది. ఆ దెబ్బ గేర్ల మీద, మోటార్ల మీద పడుతుంది. ఆవిరి ఇంజన్ల రోజుల్లో అయితే రాడ్లు వంగేవి. పాయింట్ల మీద వేయొద్దని చెప్పేవారు. ట్రాక్ సర్క్యూట్ ఉన్నచోట మరీ ఎక్కువ వేసినా చిక్కే. ఇసుక పొర చక్రానికీ పట్టాకూ మధ్య కరెంటును అడ్డగిస్తే, అక్కడ బండి ఉన్నా సిగ్నలు వ్యవస్థకు లేనట్టే కనిపించే అవకాశముంది. మందు లాంటిదే ఇసుక. మోతాదు తెలియాలి.

ఇంతవరకూ డ్రైవరు సంగతి. డ్రైవరు పెడలు నొక్కితే ఇసుక పడాలి కదా, ఆ పడేట్టు చేసే మనిషి ఎవరు? నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఆ మనిషి గురించి. షెడ్డులో ఒక మూల శాండ్ హౌస్ ఉండేది. ఎవరూ అటు తొంగిచూసేవారు కాదు, ఇన్‌స్పెక్షనుకు వచ్చిన ఆఫీసర్లు దూరం నుంచే తల ఊపి వెళ్ళిపోయేవారు. ఏటి ఇసుక లారీల్లో వచ్చేది. దాన్ని పొయ్యి మీద వేయించాలి, వేరుశనగలు వేయించినట్టు. తరవాత జల్లెడ పట్టాలి. గడ్డ ఉండకూడదు, మట్టి ఉండకూడదు, ఆకూ పుల్లా ఉండకూడదు. ఆరాక మళ్ళీ చెమ్మ తగలకుండా దాచాలి. విశాఖపట్నంలో ఒక మిత్రుడు, "సముద్రపొడ్డున ఇంత ఇసుక పెట్టుకుని ఏటి ఇసుక ఎందుకండీ?" అనేవాడు. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది. ఉప్పు చెమ్మను పీలుస్తుంది. మన వంటింట్లో వానాకాలం ఉప్పు డబ్బా ఏమవుతుందో అమ్మలకు తెలుసు.

తడి ఇసుక అసలు లేకపోవడం కంటే చెడ్డది. పెట్టె నిండుగానే కనిపిస్తుంది, పుస్తకంలో టిక్కు పడుతుంది, పైపులో మాత్రం గడ్డకట్టి కూర్చుంటుంది. నేను అసిస్టెంటుగా ఉన్నప్పుడు మా డ్రైవరుగారు పెట్టె మూత తీసి చూస్తే ఒప్పుకునేవారు కాదు. "పెట్టె కాదోయ్, పైపు చూడు. కింద చెయ్యి పెట్టు, నేను పెడలు నొక్కుతాను" అనేవారు. అరచేతిలో వెచ్చగా ఇసుక పడితేనే బయలుదేరడం. ఒక రాత్రి ఘాటు సెక్షనులో మా ముందు బండి నిలిచిపోయింది. సన్నటి తుంపర. మేము వెనక స్టేషనులో రెండు గంటలు కూర్చున్నాం. తరవాత తెలిసింది, ఆ ఇంజనులో ఇసుక నిండా ఉంది, ఒక్క గింజా కిందికి దిగలేదు. ఏ షెడ్డు నుంచి వచ్చిందో చెప్పను. ఆ అసిస్టెంటు కుర్రాడు బకెట్టుతో ఇసుక తోడుకుని, చీకట్లో ఇంజను ముందు నడుస్తూ, చేత్తో పట్టాల మీద చల్లుకుంటూ బండిని గట్టెక్కించాడు.

చేత్తో చల్లడం చిన్నతనమేమీ కాదు. డార్జిలింగ్ రైల్లో అదే పద్ధతి. 1881 నాటి రెండడుగుల గేజీ లైను, ఘూమ్ దగ్గర రెండువేల రెండువందల మీటర్లు దాటి ఎక్కుతుంది. ఆవిరి ఇంజను ముందు దూలం మీద అటొకరు ఇటొకరు కూర్చుని పట్టా మీద ఇసుక వదులుతూ వెళ్ళేవారు. 1969లో వచ్చిన 'ఆరాధన' హిందీ సినిమాలో ఆ బండిని మీరంతా చూశారు. అయితే కిటికీలో హీరోయిన్ని చూశారు గాని, ఇంజను ముందు ఎవరు కూర్చుంటారో పట్టించుకుని ఉండరు. అది సహజమే లెండి.

ఆవిరి ఒత్తిడితో ఇసుకను నేరుగా చక్రం కిందికి ఊదే పరికరాన్ని 1886లో ఇంగ్లండులో మిడ్‌లాండ్ రైల్వే డెర్బీ వర్క్‌షాపులో ఫ్రాన్సిస్ హోల్ట్ అనే ఆయన తయారుచేశారు. అప్పటికి ఒకే జత పెద్ద డ్రైవింగు చక్రాలున్న ఇంజన్లకు కాలం చెల్లిందనుకున్నారు. బళ్ళు బరువెక్కాయి, ఒక్క జత చక్రాలకు పట్టు చాలడం లేదు. ఈ ఇసుక పరికరం వచ్చాక అదే రైల్వే 1887 నుంచి 1900 లోపల అటువంటివి 95 కొత్తగా కట్టింది. ఇసుక ధార ఒక ఇంజను జాతికి మళ్ళీ ప్రాణం పోసిందన్నమాట.

ఇదంతా పాతకాలపు ముచ్చట, ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి కదా అని మా ఇంట్లో కుర్రవాళ్ళే అంటారు. నిజమే. డబ్ల్యు.ఎ.జి.-9 విద్యుత్ ఇంజను 123 టన్నుల బరువుతో దాదాపు 46 టన్నులు లాగుతుంది. లెక్క వేయండి, 37 శాతం. మన డీజిలుకి కలలో కూడా లేని పట్టు. చక్రం జారబోతోందని మనిషి కంటే ముందు యంత్రమే గ్రహించి బలం తగ్గించుకుంటుంది. వందే భారత్‌లో సగం ఇరుసులకు మోటార్లుంటాయి కనుక భారం పంచుకుంటాయి. అయినా డబ్ల్యు.ఎ.జి.-9కి ఇసుక పెట్టెలు తీసేశారా? లేదు. పట్టా మీద లేని పట్టును కంప్యూటరు పుట్టించలేదు.

2024 అక్టోబరు 21 సాయంత్రం బ్రిటన్‌లో, వేల్స్‌లోని టాలెర్డిగ్ అనే చోట జరిగినది వినండి. అక్కడ సింగిల్ లైను, మధ్యలో క్రాసింగు కోసం లూపు. అక్కడ శరత్కాలంలో రాలిన ఆకులు చక్రాల కింద నలిగి పట్టా మీద నల్లటి జిగురు పొరలా అంటుకుంటాయి, పట్టు ఐదు శాతం లోపుకి కూడా పడిపోతుంది. లూపులో ఆగవలసిన ప్రయాణికుల బండి బ్రేకులు వేసినా ఆగక జారుకుంటూ లూపు దాటి, సింగిల్ లైను మీద ఎదురుగా వస్తున్న బండిని గుద్దింది. ఒక ప్రయాణికుడు మరణించారు, అనేకులు గాయపడ్డారు. దర్యాప్తు అధికారులు తొలి పరిశీలనలోనే బయటపెట్టిన విషయమేమిటంటే, ఆ బండికి చక్రం జారితే దానంతటదే ఇసుక వేసే ఏర్పాటు ఉంది. ఇసుక పైపులు మాత్రం మూసుకుపోయి ఉన్నాయి, ఇసుక పడే స్థితిలో లేవు.

ఆ వార్త చదివిన రోజు నాకు మా డ్రైవరుగారు గుర్తొచ్చారు. "పెట్టె కాదోయ్, పైపు చూడు."

అయితే ఇసుక ఉంటే చాలునని కూడా అనను. అదే దేశంలో 2021 అక్టోబరు 31న సాలిస్‌బరీ దగ్గర బండి జారినప్పుడు ఇసుక ఏర్పాటు ఉన్నా ఆ జిగురును గెలవలేకపోయింది. పట్టా శుభ్రం చేయాలి, చెట్లు కొట్టాలి, డ్రైవరు ముందుగానే బ్రేకు వేయాలి. ఇన్నిటిలో ఇసుక ఒకటి. కాని నిమిషం పాటు చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోయేది కూడా అదొక్కటే.

చివరగా, శాండ్ హౌస్ సోదరుల సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఎండబెట్టి జల్లెడ పట్టే ఇసుకలోంచి లేచే సన్నటి పొడి సిలికా. అది ఏళ్ళ తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది. ఫ్యాక్టరీల చట్టంలో వృత్తి వ్యాధిగా దాని పేరు చేర్చారు. పని మానేసిన చాలా ఏళ్ళకు కూడా బయటపడుతుంది. ఆ రోజుల్లో వాళ్ళకు ముక్కుకు కట్టుకునే తువ్వాలే రక్షణ. నేను డాక్టరును కాను, భయపెట్టడం నా ఉద్దేశమూ కాదు. కాని ఆ పనిచేసిన వారెవరికైనా దగ్గు తగ్గకపోయినా, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నా, పొగాకు వల్లనో వయసు వల్లనో అని వదిలేయకండి. మెడికల్ కార్డు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళండి. వెళ్ళినప్పుడు "ఖలాసీగా చేశానండీ" అని ఊరుకోకుండా, "ఇన్నేళ్ళు ఇసుక ఎండబెట్టాను, జల్లెడ పట్టాను" అని డాక్టరుతో విడమర్చి చెప్పండి. మీరు చెప్పకపోతే ఆయనకు తెలిసే దారి లేదు. ఛాతీ ఎక్స్‌రే తీయమని అడగండి. భర్త మాట్లాడకపోతే పక్కనున్న అమ్మలు చెప్పండి. ఎవరికైనా ఆసుపత్రికి తోడు కావాలంటే ఈ సమావేశం అయ్యాక కార్యదర్శిగారి దగ్గర పేరు రాయించండి. నేనూ వస్తాను.