వకీలు దగ్గరికి ఒట్టి చేతులతో పోవద్దు

(రోడ్డు ప్రమాద బాధితుల హక్కుల మీద విద్యార్థులు, ఉద్యోగుల సదస్సులో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

 

1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నరు. 1985 డిసెంబరు 30న 610 జీవో ఇచ్చిండ్రు. రెండూ కాగితం మీదనే ఉన్నయి, అమలుల లేవు. ఏ శాఖల ఎన్ని కొలువులు పోయినయో ఉద్యోగులు లెక్కలు తీసి ముందట పెట్టినంకనే మన మాటకు బలమొచ్చింది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. హక్కు రాసి ఉంటే సరిపోదు, దాన్ని లెక్కతోటి అడగాలె. మన కొట్లాట నేర్పిన పాఠం ఇదే. ఇయ్యాల నేను చెప్పబోయే రోడ్డు ప్రమాద పరిహారానికి గూడ ఇదే పాఠం.

ఆటోను లారీ గుద్దుతది. కాలు విరుగుతది. ఇంటోళ్లు పుస్తెలు కుదువబెట్టి దవాఖాన బిల్లు కడ్తరు. నాలుగు రోజులకు ఎవడో మధ్యవర్తి మంచం కాడికి వచ్చి "కేసు సంగతి నేను చూసుకుంట, ఇక్కడ సంతకం పెట్టు" అంటడు. వకీలు ముఖం చూడకుండనే కేసు పడ్తది. ఎంత వచ్చిందో, ఎవరు ఎంత తిన్నరో బాధితునికి తెలువది. ఎందుకిట్లయితంది? వకీలుతోటి మొదటిసారి కూసొని మాట్లాడే ఆ గంటను మనం వేరేటోని చేతిల పెడ్తున్నం. కేసు బలం సగం ఆ గంటలనే తేలుతది.

మొదటి మాట, ఆలస్యం చేయొద్దు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలుల ఉన్న మోటారు వాహనాల చట్ట సవరణ ప్రకారం ప్రమాదమైన ఆరు నెలల లోపల ట్రిబ్యునల్‌ల దరఖాస్తు వేయాలె. ఈ గడువు మీద సుప్రీంకోర్టుల కేసులు పడ్డయి. ఆ తీర్పుల మీద ఆశ పెట్టుకొని ఇంట్ల కూసోవద్దు. "గాయం మానినంక పోదాం" అనుకునుడు గూడ తప్పే.

రెండో మాట, ఎక్కడికి పోవాలె? పాలమూరు కూలీని ముంబైల లారీ గుద్దిందనుకో. ముంబై కోర్టు చుట్టు తిరిగే పని లేదు. బాధితుడు ఉండే జిల్లాల, ప్రమాదమైన చోట, ఎదుటి పార్టీ ఉండే చోట, ఈ మూడింట్ల ఎక్కడైనా కేసు వేసుకోవచ్చు. వలసపోయిన మన బిడ్డలకు ఈ ముచ్చట చెప్పుండ్రి.

మూడో మాట, పోయే ముందట జరిగింది జరిగినట్టు ఒక పేజీ రాసుకోవాలె. ఏ తారీఖు, ఎన్ని గంటలకు, ఏ దిక్కు నుంచి వచ్చింది, బండి నంబరెంత, చూసినోళ్లెవరు? మనకు నష్టం చేసే సంగతి గూడ రాయాలె. బండి మీద ముగ్గురున్నరా? లైసెన్సు లేదా? హెల్మెట్ పెట్టుకోలేదా? తాగి ఉన్నరా? వకీలు దగ్గర దాచితే, రేపు ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు బోనుల నిలబెట్టి అదే అడుగుతడు. అప్పుడు మనోడు తెల్లముఖం వేస్తడు. మనం చెప్పిన రహస్యం బయటపెట్టొద్దని మన వకీలును చట్టమే కట్టడి చేసింది. కాబట్టి భయపడొద్దు.

నాల్గో మాట, కాగితాలు మూడు కట్టలు చేయాలె. ఒకటి పోలీసు కట్ట: ఎఫ్ఐఆర్, పంచనామా, చార్జిషీటు, బండి ఆర్సీ, ఇన్సూరెన్స్ కాగితం, డ్రైవర్ లైసెన్సు. ఇవన్నీ మొదటి రోజు దొరకవు. దొరికినవి తీస్కపోవాలె, దొరకనివి ఏవో రాసుకపోవాలె. రెండు దవాఖాన కట్ట: గాయాల సర్టిఫికెట్, డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, ఆటో, అంబులెన్స్ కిరాయి రసీదులు. మూడు ఆదాయం కట్ట: జీతం సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్‌కార్డు, కూలి ఇచ్చిన మేస్త్రీ పేరు. ఉద్యోగులైతే, వాడుకున్న సెలవుల లెక్క గూడ తీస్కపోవాలె. ఆ సెలవులు గూడ నష్టమే. జిరాక్స్‌లు ఇయ్యుండ్రి. అసలు కాగితం ఇయ్యవలసి వస్తే రసీదు తీసుకోండ్రి.

ఐదో మాట, మన లెక్క మనకు తెలిసి ఉండాలె. 2009ల సరళా వర్మ కేసుల సుప్రీంకోర్టు వయసును బట్టి గుణకం పెట్టింది. 31 నుంచి 35 ఏండ్ల మనిషికి 16. ఇప్పుడు 32 ఏండ్ల గీత కార్మికుడున్నడు, నెలకు 10,000 సంపాదిస్తడు అనుకుందాం. కాలు దెబ్బతిన్నది. మెడికల్ బోర్డు 40 శాతం వైకల్యమని రాసింది. 10,000 ఇంటూ 12 ఇంటూ 16 అంటే 19,20,000. అందుల 40 శాతం 7,68,000. కని ఆ కాలుతోటి ఆయన తాడిచెట్టు ఎక్కగలడా? ఎక్కలేడు. ఆ వృత్తికి ఆయన పోయిన సంపాదన నూటికి నలభై కాదు. 2010ల రాజ్‌కుమార్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: అవయవం ఎంత పోయిందని కాదు, సంపాదన ఎంత పోయిందని చూడాలె. అందుకే వకీలుకు "కాలు విరిగింది" అని చెప్తే చాలదు. పొద్దున లేస్తే ఏం పని చేసేటోడు, ఇప్పుడు ఏది చేయలేడు, ఆ సంగతి చెప్పాలె. మందుల ఖర్చు, బాధకు పరిహారం దీనికి అదనం. ఇంట్ల పనిచేసే ఆడామె పనికి గూడ కోర్టులు విలువ కడ్తున్నయి. "ఆమెకు ఆదాయం లేదు" అని మనమే అనొద్దు.

ఆరో మాట, మనం గూడ వకీలును అడగాలె. ఫీజు ఎంత? ఎప్పుడెప్పుడు ఇయ్యాలె? కోర్టుల మీరే నిలబడ్తరా, జూనియర్‌ను పంపుతరా? వచ్చిన పైసలల్ల ఇంత వాటా అని మాట్లాడుకునుడు బార్ కౌన్సిల్ నిబంధనలకు విరుద్ధం. ఈ మాట మా నల్లకోటోళ్లకు చేదుగ ఉంటది, అయినా చెప్తున్న. తెల్లకాగితం మీద, నింపని వకాలత్ మీద సంతకం పెట్టొద్దు. పరిహారం మన పేరు మీద ఉన్న ఖాతాలనే పడాలె, చెక్కుబుక్కు, ఏటీఎం కార్డు ఎవరి చేతిల పెట్టొద్దు. లోక్ అదాలత్‌ల రాజీకి ఒప్పుకునే ముందట మన లెక్క మల్ల చూసుకోవాలె. ఎందుకంటే ఆ అవార్డు మీద అప్పీలు లేదు.

ఫీజుకు పైసలు లేవా? 1987 న్యాయసేవల చట్టం కింద మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతోటి సంబంధం లేకుండ ఉచితంగ వకీలును ఇయ్యాలె. జిల్లా కోర్టుల ఉన్న న్యాయసేవాధికార సంస్థకు పోయి దరఖాస్తు పెట్టుండ్రి.

విద్యార్థులకు ఒక్క మాట. మీ ఊర్ల ప్రమాదమైతే ఫోటో తీసి ఫోన్ల పెట్టి ఊకోవద్దు. ఆ ఇంటికి పోయి, ఆ ఒక్క పేజీ మీరు రాసిపెట్టుండ్రి. ఉద్యోగులారా, ఆఫీసుల మీ దగ్గరికి ఆదాయ సర్టిఫికెట్ కోసం వచ్చినోన్ని నాలుగుసార్లు తిప్పొద్దు. ఆయనకు ఆరు నెలల గడువు నడుస్తుంటది. మంచం కాడికి మధ్యవర్తి రాకముందే మనం పోవాలె. పరిహారం భిక్ష కాదు, హక్కు. లెక్కతోటి అడుగుదాం.

జై తెలంగాణ!