పసుపుకు గింజ ఎందుకు లేదు?



జగిత్యాల, మెట్‌పల్లి, నిర్మల్ దిక్కు మీలో చాలామంది పసుపు పెట్టినవాళ్లే. ఒక మాట అడుగుత. పసుపు గింజను ఎవరన్న చూసిన్రా?

చూడలేదు. వరికి వడ్లున్నాయి. మక్కకు గింజలున్నాయి. పసుపు కూడా పూస్తది. కాని మామూలుగా గింజ కట్టదు.

గింజ కావాలంటే మగ పుప్పొడి, ఆడ అండం కలవాలె. తల్లి గుణాలు మోసే పోగులను రెండూ సమంగా తేవాలె. మన పసుపులో ఆ పోగులు మూడు వరుసలుంటయి. మూడు గాజులను ఇద్దరికి సమంగా పంచగలమా? పసుపు కూడా పంచలేదు.

అందుకే పసుపు దుంపతోనే పెరుగుతది. దుంప మీద కన్ను ఉంటది. కన్ను మొలిచి కొత్త చెట్టు అయితది. ఇట్ల ఆడ, మగ కలవకుండా పిల్ల పుట్టుడును 'అలైంగిక ప్రత్యుత్పత్తి' అంటరు. మాట పెద్దది. పని మనం ఎరిగినదే. అరటికి పిలక, చెరుకుకు ముక్క, మల్లెకు కొమ్మ. రణపాల ఆకు మట్టి మీద పడితే చాలు, అంచుల పిల్లలు లేస్తయి.

ఇట్ల పుట్టిన పిల్ల అచ్చం తల్లే. తల్లికి మంచి రంగుంటే పిల్లకూ ఉంటది. తల్లి తట్టుకోలేని రోగాన్ని పిల్ల కూడా తట్టుకోలేదు. అమెరికా దేశాల్లో ఒకప్పుడు 'గ్రో మిషెల్' అనే ఒక్క రకం అరటినే తోటలకు తోటలు పెట్టిన్రు. పనామా తెగులు వచ్చింది. అన్ని చెట్లూ ఒక్క తీరువే కదా, తోటలు ఎండిపోయినయి. 1960ల నాటికి వ్యాపారులు వేరే రకానికి మారవలసి వచ్చింది.

మనకు దుంపకుళ్లు ఉన్నది. ఆకులు పసుపుబారి ఎండుతయి. మొదలు మెత్తబడుతది. గుంజితే చెట్టు ఊరికే వస్తది. దుంప నొక్కితే కంపు కొడుతది. ఈ రోగం విత్తనంతో పాటే బండెక్కి ఇంకో ఊరికి పోతది.

ఎకరానికి సుమారు 10 క్వింటాళ్ల విత్తనం కావాలె. తక్కువ పైసలా అవి? అయినా చుట్టాలు తక్కువకు ఇస్తున్నరని ఇంటోళ్లు తెస్తరు. ఏ చేనుదో అడగరు. విత్తనం ఏరేది మనం. అడగవలసింది కూడా మనమే.

ఏరుడు తవ్వినంక మొదలు పెడితే ఆలస్యమే. ఆకులన్నీ ఎండినంక ఏది రోగపు చెట్టో తెలువదు. దసరా నాటికే, చేను పచ్చగ ఉన్నప్పుడు, తిరిగి చూడుండ్రి. తెగులు లేని చోట కర్రలు పాతుండ్రి. విత్తనం అక్కడిదే తీయుండ్రి. దాన్ని ఉడకబెట్టే కుప్పలో కలువనియ్యకుండ్రి. ఉడికిన కొమ్ము మొలువదు.

పెట్టే ముందు మాంకోజెబ్ మందు లీటరు నీళ్లకు 3 గ్రాములు కలిపి, దుంపలను అరగంట నానబెట్టి నీడన ఆరబెట్టాలె. లోపల కుళ్లిన దుంపను ఏ మందూ బాగు చెయ్యదు, దాన్ని ముందే ఏరి పారెయ్యాలె. చేతులకు తొడుగులు వేసుకోండి. మిగిలిన మందునీళ్లు బాయిల, వాగుల పొయ్యకుండ్రి.