అడవికీ నీటికీ ‘భాగస్వాములు’ ఎవరు?

(గూడూరులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సముద్రతీరం గురించి గూడూరులో మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మనకు పక్కనే పాకాల అభయారణ్యం ఉంది. పాకాల చెరువు దగ్గర పుట్టిన మున్నేరు వెళ్ళి కృష్ణలో కలుస్తుంది. కృష్ణ సముద్రంలో కలిసేచోట మడ అడవుల అభయారణ్యం ఉంది. అయితే ఈ రెంటికీ ఉన్నది నీటి సంబంధం ఒక్కటే కాదు. అక్కడా ఇక్కడా అమలయ్యే వన్యప్రాణి చట్టం ఒకటే. మనం అడగవలసిన ప్రశ్న కూడా ఒకటే. అడవినీ నీటినీ కాపాడటానికి అందరూ సహకరించాలంటున్నారు. ఆ ‘అందరి’లో ఆడవాళ్ళు ఎక్కడున్నారు?

కోరంగి ఉదాహరణ తీసుకుందాం. కాకినాడ పక్కన ఉన్న ఈ మడ అడవులను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. ఉప్పునీరూ మంచినీరూ కలిసేచోట పెరిగే అడవి ఇది. రొయ్యపిల్లలు, పీతలు, చేపపిల్లలు ఎదిగేది ఆ వేళ్ళ మధ్యనే. తుపాను వస్తే అలల తాకిడిని తగ్గించేదీ ఆ చెట్లే. ఈ అడవి చుట్టూ మత్స్యకార గ్రామాలతో పాటు ఓడరేవు, చమురు, సహజవాయు సంస్థలు, ఎరువుల కర్మాగారాలు, రొయ్యల చెరువులు ఉన్నాయి.

1996 నుంచి కొన్నేళ్ళపాటు ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ అటవీశాఖతోనూ గ్రామాలతోనూ కలిసి గోదావరి, కృష్ణా మడ అడవుల్లో పనిచేసింది. అడవి పాడైన చోట కాలువలు తవ్వి, ఆటుపోట్ల నీరు లోపలికి పారేలా చేసి, మొక్కలు నాటారు. 2011 ప్రాంతంలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, ప్రపంచ పర్యావరణ నిధి సహాయంతో ‘ఈగ్రీ’ అనే ప్రాజెక్టు మొదలైంది. అటవీశాఖ, మత్స్యశాఖ, పరిశ్రమలు, గ్రామస్థులు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలన్నది దాని ఉద్దేశం. వీళ్ళందరికీ ‘స్టేక్‌హోల్డర్లు’ అని పేరు పెట్టారు. తెలుగులో భాగస్వాములు అంటున్నాం.

ఈ ఆలోచనను నేను తప్పుపట్టను. అభయారణ్యం హద్దురాళ్ళ దగ్గర కాలుష్యం ఆగదు. చెరువుల మురుగు, పడవల నూనె ఎక్కడినుంచో వస్తాయి. అటవీశాఖ ఒక్కటే కాపలా కాసి వాటిని ఆపలేదు. నా అభ్యంతరం ‘భాగస్వాములు’ అన్న మాట దగ్గర. ఆ మాట వినగానే అందరూ సమానులే అనిపిస్తుంది. కంపెనీ తరఫున ఇంజనీరు, వకీలు వస్తారు. పీతలు ఏరుకునే మనిషి ఆ రోజు కూలి పోగొట్టుకుని వస్తుంది. నష్టం వస్తే కంపెనీ దాన్ని ఏడాది చివర లెక్కల్లో చూసుకుంటుంది. ఆమెకు ఆ రాత్రే పొయ్యి వెలగదు. ఈ ఇద్దరినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టి దాన్ని సహకారం అంటే సరిపోదు.

మరి మత్స్యకారులు అన్నప్పుడు ఎవరిని లెక్కిస్తున్నాం? పడవ ఎక్కి వేటకు వెళ్ళేవాణ్ణి. ఒడ్డుకు చేరిన చేపను ఏరడం, ఉప్పు పట్టించడం, ఎండబెట్టడం, గంపకెత్తుకుని ఊరూరా అమ్మడం ఎక్కువగా ఆడవాళ్ళ పనులు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కనుక ఆ నిషేధం అవసరమే. ఆ కాలానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నుంచి రూ. 10,000, 2025 నుంచి రూ. 20,000 భృతి ఇస్తున్నది. కాని లెక్క పడవమీద వెళ్ళేవారిని బట్టే. చేపల బేరం చేసుకునే ఒంటరి స్త్రీకి ఆ రెండు నెలలూ బేరం లేదు, భృతీ లేదు. అడవిలో కట్టెలు కొట్టవద్దన్నా అంతే. నిషేధం అందరికీ వర్తిస్తుంది గాని కట్టెల కోసం మరింత దూరం నడిచేది ఆడమనిషే.

చట్టం ఏమంటున్నదో చూద్దాం. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ ద్వారా 33బి సెక్షన్ వచ్చింది. ప్రతి అభయారణ్యానికీ ఒక సలహా సంఘం ఉండాలి. అందులో పంచాయతీరాజ్ సంస్థల నుంచి ముగ్గురు, స్వచ్ఛంద సంస్థల నుంచి ఇద్దరు ఉండాలి. స్త్రీలు ఉండాలని మాత్రం ఆ సెక్షన్ ఎక్కడా అనలేదు. పైగా అది సలహా ఇచ్చే సంఘమే, నిర్ణయించేది కాదు.

2006 అటవీ హక్కుల చట్టం ఇంతకంటే ముందుకు వెళ్ళింది. అటవీ హక్కుల కమిటీలో మూడోవంతు స్త్రీలుండాలి. 2012 సవరణ తరువాత గ్రామసభకు వచ్చినవారిలో కూడా కనీసం మూడోవంతు స్త్రీలుండాలి. పట్టా భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలి. ఈ చట్టం అభయారణ్యాలకూ వర్తిస్తుంది. తునికాకు, ఇప్పపువ్వు వంటి వాటిమీదే కాక, చేపలమీదా నీటివనరులమీదా సామూహిక హక్కు అడగవచ్చు. వన్యప్రాణుల కోసం ఊరిని తరలించాలంటే గ్రామసభ స్వేచ్ఛగా, అన్నీ తెలిసి ఒప్పుకోవాలి. అయితే గిరిజనేతరులు 75 ఏళ్ళుగా అడవిని ఆధారం చేసుకుని ఉన్నట్టు రుజువు చూపాలి. వెనుకబడిన తరగతుల్లో ఉన్న తీర మత్స్యకారులకు ఇది పెద్ద అడ్డంకి. కోయ, లంబాడా అక్కచెల్లెళ్ళకు ఆ షరతు లేదు. ఆ మేరకు మీరు మెరుగైన స్థితిలో ఉన్నారు.

అందుకే మీతో కొన్ని పనులు చెప్పదలచుకున్నాను. పాకాలకు సలహా సంఘం ఉందా, ఉంటే సభ్యులెవరు, ఎప్పుడు కూర్చున్నారు అని సమాచార హక్కు చట్టం కింద రాసి అడగండి. 2023లో వచ్చిన పోడు పట్టాలు తీసి చూడండి, భార్య పేరు ఉందో లేదో. లేకపోతే దరఖాస్తు పెట్టండి. పట్టా వ్యక్తిది. దానితో ఆగిపోకుండా అడవిమీదా చెరువుమీదా సామూహిక హక్కుకు దరఖాస్తు చేయించండి. గ్రామసభలో మూడోవంతు స్త్రీలు లేకపోతే ఆ తీర్మానం చెల్లదని నిలబడి చెప్పండి. ఆ తరువాత రిజిస్టరు ఇంటికి తెచ్చి వేలిముద్ర వేయించుకుంటామంటే ఒప్పుకోకండి.

అడవిని కాపాడటానికి ఆడవాళ్ళు ఎప్పుడూ వెనుకాడలేదు. అడవి పోతే ముందుగా నష్టపోయేది వాళ్ళే. కాని మొక్కలు నాటేటప్పుడు మాత్రమే పిలిచి, హద్దులు గీసేటప్పుడు పిలవకపోతే దాన్ని సహకారం అనరు, వెట్టి అంటారు. ముందు హక్కు, తరువాత సహకారం. కోరంగిలోనైనా పాకాలలోనైనా మనం అడగవలసింది ఇదే.