దామరగిద్ద పరిశీలన స్థానం: తేలని ప్రశ్నలు

బాన్సువాడకు నైరుతి దిక్కున, గగనమార్గంలో సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, నారాయణఖేడ్ పరిసరాల్లో భూమి ఆకారాన్ని కొలవడానికి వాడిన ఒక పరిశీలన స్థానం ఉండేది. సర్వే గ్రంథాల్లో దాని పేరు దామరగిద్ద. కన్యాకుమారి దగ్గరి పున్నై నుంచి ఉత్తరంగా త్రిభుజాలు అల్లుకుంటూ వచ్చిన సర్వేయర్ విలియం లాంబ్టన్ 1815లో ఇక్కడ, ఆ త్రిభుజాల లెక్కకు మూలమయ్యే ఆధార రేఖను కొలిచాడు. పున్నై నుంచి దామరగిద్ద దాకా దాదాపు 1,100 కిలోమీటర్ల చాపం కొలత ఫలితాలు 1818లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. 1823లో లాంబ్టన్ హింగన్‌ఘాట్‌లో మరణించాక, ఆ పనిని కొనసాగించిన జార్జ్ ఎవరెస్ట్ దామరగిద్ద నుంచే మొదలుపెట్టి మధ్య భారతంలోని కళ్యాణ్‌పూర్ దాకా సాగిన చాపాన్ని 1830లో గ్రంథస్థం చేశాడు. భారతదేశ పటాలకు చిరకాలం ప్రాతిపదికగా నిలిచిన భూమి ఆకారపు నమూనా, ఎవరెస్ట్ గోళాభం, ఆ చాపం ఆధారంగా వచ్చిందే.

మొదటి చిక్కు ఊరి పేరుతోనే. నారాయణపేట జిల్లాలో మండల కేంద్రంగా ఉన్న దామరగిద్దే ఇదని చాలామంది పొరబడతారు. ఆ ఊరు 17 డిగ్రీల అక్షాంశానికి దక్షిణాన ఉంది. సర్వే స్థానం 18 డిగ్రీలు దాటి ఉంది. రెంటి మధ్య వంద కిలోమీటర్లకు మించిన దూరం.

రెండో చిక్కు ఇంతకంటే లోతైనది. లాంబ్టన్ ప్రకటించిన అక్షాంశం 18 డిగ్రీల 3 నిమిషాల 23.6 సెకన్లు. తర్వాతి గణనల్లో అది 15.3 సెకన్లకు తగ్గింది. నేల మీద ఈ తేడా 250 మీటర్లు. అంటే స్థానమే మారిందా? పున్నై అంకెలు చూస్తే ఆ అనుమానం బలహీనపడుతుంది. అక్కడ కూడా 8 డిగ్రీల 9 నిమిషాల 38.4 సెకన్లు 31.1కి దిగింది. రెండు కొసలూ ఒకే దిక్కుకు, దాదాపు సమానంగా జరిగాయి. కాబట్టి మూలం నక్షత్ర పరిశీలనలో, లెక్క కట్టిన తీరులో వెతకాలి. రెండు కొసలు జరిగిన మేరల మధ్య చివరికి మిగిలే తేడా ఒక సెకను, అంటే 30 మీటర్లు. కొండ గురుత్వం తూకపు దారాన్ని పక్కకు లాగిందనడం ఇక్కడ చెల్లదు. స్థానం అదే అయితే ఆ లాగుడు రెండుసార్లూ ఒకటే.

ఇక ఇక్కడ పరిశీలనకు ఎత్తైన బురుజు ఉండేదా అన్న ప్రశ్న. గంగా మైదానంలో చూపు ఆనక ఎవరెస్ట్ 1830లలో ఎత్తైన ఇటుక బురుజులు కట్టించాడు. దక్కనులో ఆ అవసరం తక్కువ. కొండలు, కోట బురుజులు, గుడి గోపురాలే పనికొచ్చేవి. 1808లో తంజావూరు గోపురం మీదికి ఎక్కిస్తుండగానే కోణాలు కొలిచే లాంబ్టన్ పరికరం, థియోడొలైట్, దెబ్బతింది. దామరగిద్దలో ఎత్తైన కట్టడం ఉండేదన్న ఊహ కంటే, రాతి అరుగు, దానిపై గుర్తు అన్నదే సబబు. 1841లో సర్వేయర్ ఆండ్రూ వా బీదరు దగ్గర మెరుగైన లోహపు కడ్డీలతో కొత్త ఆధార రేఖను కొలిచాక దామరగిద్దలోని పాత రేఖ ప్రాధాన్యం తగ్గింది.

లాంబ్టన్, ఎవరెస్ట్ నడిపిన ఆ సర్వేలో స్థానాల గుర్తు రాతిపై చెక్కిన వలయం, మధ్యలో చుక్క. కంగ్టి, నారాయణఖేడ్, పిట్లం వైపు గుట్టల మీద అలాంటి రాయి కనబడితే పెకలించవద్దు. ఉన్నచోటే ఉంచి సర్వే శాఖకు తెలియజేయాలి.