వలసానంతర సాహిత్యము – స్త్రీల చదువు – జీవనోపాధి

ఎం.ఏ.లో చేరబోవు అమ్మాయి తాను వలసానంతర సాహిత్యమును, అందులోను స్త్రీపురుష భేదమును గూర్చిన విచారమును ప్రత్యేకముగా చదువుదునని చెప్పినపుడు, ఇంటిలో మొదట వినవచ్చు ప్రశ్న ఒక్కటే: "దానివలన ఉద్యోగమేమి వచ్చును?" ఈ ప్రశ్న అడిగిన తల్లిదండ్రులను తప్పు పట్టరాదు. రెండేండ్ల చదువునకు, అటుపై పరిశోధనకు అగు వ్యయమును భరించువారు వారే గదా! ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే నేనీ ప్రసంగమునకు పూనుకొంటిని. అయితే ఆ చదువెట్టిదో ముందు తెలియవలెను.

"వలసానంతర" మను మాట కొంత బెదరించునట్టిదే. దాని భావము మాత్రము కఠినము కాదు. పరప్రభుత్వము వెడలిపోయిన పిదపను, అది నేర్పిన చూపు మన చదువులలో, చట్టములలో, మంచిచెడ్డల నిర్ణయములో ఎంతవరకు నిలిచియున్నదో పరీక్షించుటయే ఆ విద్య. 1978లో ఎడ్వర్డ్ సయీద్ 'ఓరియంటలిజం' అను గ్రంథమును ప్రకటించిన తరువాత ఇది విశ్వవిద్యాలయములలో స్థిరపడినది.

తెలుగువారు దీనికొక ఉదాహరణమునకై దూరదేశములకు పోనక్కరలేదు. 18వ శతాబ్దిలో తంజావూరు నేలిన ప్రతాపసింహుని ఆస్థానమున ముద్దుపళని అను కవయిత్రి 'రాధికాసాంత్వనము' రచించినది. 19వ శతాబ్దిలో అచ్చయిన ప్రతిలో పరిష్కర్త కొన్ని పద్యములను, కవయిత్రి తన వంశమును చెప్పుకొన్న భాగమును విడిచిపెట్టెను. ఆ వంశము చెప్పుకొన్న భాగమే పోవుట గమనింపదగినది. బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి, పూర్ణపాఠమును 1910లో వావిళ్ళవారిచే ప్రకటింపజేసిరి. ఆ కావ్యమున స్త్రీ నోట రాదగని మాటలున్నవని వీరేశలింగము పంతులుగారు ఆక్షేపించియుండిరి. నాగరత్నమ్మగారు తమ పీఠికలో ఎదురుప్రశ్న వేసిరి: పురుషులు వ్రాసిన శృంగారమునకు లేని సిగ్గు, స్త్రీ వ్రాసినదానికి మాత్రమేల? ఆంగ్ల ప్రభుత్వము అశ్లీలమని ఆ పుస్తకమును నిషేధించినది. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రభుత్వమునకు ముఖ్యులైన కాలమున నిషేధము తొలగి, 1952లో గ్రంథము మరల అచ్చయినది.

ఇందు దోషము దొరలది మాత్రమే అనుట తేలిక. సంస్కర్త అభిరుచి, దొరతనపు చట్టము ఒకే వైపునకు మొగ్గినవి. నడుమ నలిగినది ఒక స్త్రీ కావ్యము. ఈ ముడిని విప్పి చూపుటకు వలస ప్రభుత్వపు చరిత్రయు కావలెను, స్త్రీల చరిత్రయు కావలెను. సూసీ తారు, కె. లలిత గార్లు కూర్చిన 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటము 1991లో న్యూయార్కున వెలువడినపుడు, ఈ వృత్తాంతము దాని పీఠికలోనే చోటు చేసికొన్నది.

ఇక ఉద్యోగము మాట. కళాశాలలో అధ్యాపకత్వము కోరువారికి ఎం.ఏ.లో సాధారణముగా 55 శాతము మార్కులు, 'నెట్' పరీక్షలో ఉత్తీర్ణతయో, నియమానుసారమైన పిహెచ్.డి. పట్టమో ఉండవలెను. నెట్ పరీక్షలో ఆంగ్లము, తెలుగు, తులనాత్మక సాహిత్యము, స్త్రీల అధ్యయనము వేర్వేరు విషయములు. మొదటి పత్రమునకు 100, రెండవదానికి 200 మార్కులు. తప్పు సమాధానమునకు మార్కులు తీసివేయరు. పరిశోధక వేతనమునకు వయఃపరిమితి 30 ఏండ్లయినను స్త్రీలకు ఐదేండ్ల సడలింపు కలదు. పెండ్లి, బిడ్డల పెంపకము వలన చదువాగిన ఇల్లాండ్రు ఈ సడలింపును గుర్తుంచుకొనవలెను. ఆ వేతనము 2023లో మొదటి రెండేండ్లకు నెలకు 37,000 రూపాయలుగా హెచ్చింపబడినది.

ఆశ పెట్టి మోసగించుట నాకు సమ్మతము కాదు. ఖాళీలు తక్కువ, పోటీ ఎక్కువ. స్త్రీల అధ్యయనమునకు ప్రత్యేక శాఖలున్న విద్యాలయములు మరియు తక్కువ. కావున ఎం.ఏ. పట్టమును ఆంగ్లమునందో, తెలుగునందో పొంది, ఈ విషయమును ప్రత్యేకాంశముగా పెట్టుకొనుట క్షేమమని నా అభిప్రాయము. అప్పుడు రెండు తలుపులు తెరచియుండును.

అధ్యాపకత్వము కాక అనువాదము, గ్రంథ సంపాదకత్వము, ప్రచురణ, పాతపత్రముల భాండాగారములలో పని, స్త్రీసంక్షేమ సంస్థలలో పరిశోధన, ఇవియు వృత్తులే. గాయత్రీ స్పీవాక్ పేరు సిద్ధాంతమునకే ప్రసిద్ధము. కాని ఆమె మహాశ్వేతాదేవి 'ద్రౌపది' కథను వంగభాషనుండి ఆంగ్లములోనికి అనువదించి 1981లో ప్రకటించినది. మాతృభాష బాగుగా వచ్చియుండుటచేతనే గదా అది సాధ్యమైనది! మన విద్యార్థులలో కొందరు ఆమె పారిభాషిక పదములను వల్లింతురు గాని, తెలుగు పద్యమొకటి ఇచ్చిన అన్వయము చెప్పలేరు. అట్టివారికి అనువాదపు పని ఎవరిత్తురు?

పాత పత్రికలు తిరుగవేయు ఓపికయు ఇట్టిదే. 'దిద్దుబాటు' 1910 నాటిది. భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' 1902లోనే 'హిందూసుందరి' పత్రికలో వచ్చినది. తొలి తెలుగు కథ ఏదను చర్చ ఈ తేదీతో మారిపోయినది.

చేరబోవు అమ్మాయి మొదట చదువదగిన పుస్తకమును అడిగిన, నేను ఏ సిద్ధాంతగ్రంథమును చెప్పను. స్త్రీశక్తి సంఘటన వారు 1986లో వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' చదువుమందును. తెలంగాణా సాయుధ పోరాటములో పాల్గొన్న స్త్రీలను కలిసి, వారి మాటలను సేకరించి కూర్చిన పుస్తకమది. 1989లో ఆంగ్లములోను వచ్చినది. దానిని చదివి, తన ఊరిలో ఒక వృద్ధురాలి చెంత గంటసేపు కూర్చుండి, అడ్డుపడక విని, విన్నది విన్నట్లు వ్రాయగలిగినచో ఈ చదువు తనకు సరిపడునో లేదో అమ్మాయికే తెలియును.