చాదస్తమని కొట్టివేయకండి
(ఆలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాడీవైద్యునిగా నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు ఆదేశించారు. మీ తల్లిదండ్రుల గురించే చెబుతాను.

నాన్నగారు అడిగిన ప్రశ్ననే మళ్ళీ అడుగుతారు. ఇరవై ఏళ్లుగా కారు నడిపిన దారిలోనే ఆలయానికి రావడానికి తడబడతారు. మనం దానిని చాదస్తమని నవ్వి ఊరుకుంటాము. వయసుతో వచ్చే మరపు వేరు, నిత్యకృత్యాలకు అడ్డుపడే మరపు వేరు. ఈ రెండవదే డిమెన్షియా. అది ఒకే వ్యాధి కాదు. పలు వ్యాధుల ఫలితం. కనుక “ఇది ఏ రకం?” అని వైద్యుని అడగడం మీ విధి.

జ్ఞాపకశక్తి పరీక్షలు సాధారణంగా ఇంగ్లీషులో జరుగుతాయి. తెలుగులో ఆలోచించే పెద్దలు అక్కడ భాష వల్ల కూడా వెనుకబడవచ్చు. అందుకే దుబాసీని కోరండి. అయితే భాషతో నిమిత్తం లేని సాక్షి ఒకటున్నది. అది మెదడును, వెన్నుపామును చుట్టి ఉండే ద్రవం.

పెద్దవారిలో ఈ ద్రవం సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది. దీనిని సూదితో తీసే పద్ధతిని 1891లో జర్మన్ వైద్యుడు హైన్రిష్ క్వింకె ప్రకటించాడు. వెన్నులో సూది అనగానే కాళ్లు పడిపోతాయని మనవారికి భయం. కాని సూది గుచ్చేది వెన్నుపాము ముగిసిన చోటికి దిగువన. తీసిన కొద్దిపాటి ద్రవాన్ని శరీరం కొన్ని గంటలలోనే భర్తీ చేసుకుంటుంది. కొందరికి కొన్నాళ్లు తలనొప్పి రావచ్చు. రక్తం పలుచబడే మందులు వాడేవారు ముందుగానే వైద్యునికి చెప్పాలి.

ఆల్జీమర్స్ వ్యాధిలో బీటా అమిలాయిడ్ 42 అనే ప్రోటీన్ మెదడులో పేరుకుపోతుంది. అందుచేత ద్రవంలో తగ్గుతుంది. టౌ అనే ప్రోటీన్ పెరుగుతుంది. అమిలాయిడ్ నిష్పత్తిని కొలిచే ద్రవ పరీక్షకు అమెరికా ఎఫ్.డి.ఏ. 2022లో అనుమతినిచ్చింది. లూయీ బాడీ రకంలో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే మరొక ప్రోటీన్ జాడ దొరుకుతుంది. మెదడులో నీరు చేరి నడక తడబడే రకంలోనైతే, కొంత ద్రవం తీయగానే కొందరి నడక మెరుగవుతుంది; అటువంటివారికి శస్త్రచికిత్స మేలు చేయవచ్చు.

2023లో పూర్తి ఆమోదం పొందిన లెకానెమాబ్ వంటి మందులు ఆల్జీమర్స్‌ను నయం చేయవు; తొలి దశలో దాని వేగాన్ని కొంత తగ్గిస్తాయి. వాటిని ఇచ్చే ముందు అమిలాయిడ్ ఉన్నదని ఈ ద్రవం, పెట్ స్కాన్ వంటి పరీక్షతో రుజువు కావాలి.

ఈ పరీక్ష అందరికీ అవసరం లేదు. బి12, థైరాయిడ్ లోపాల వంటివి ముందుగా చూడాలి. మరపు లేనివారిలో సైతం అమిలాయిడ్ కనిపించవచ్చు గనుక ద్రవమొక్కటే తీర్పు చెప్పదు.

చివరిగా ఒక మనవి. వ్యాధి పేరు తెలుసుకోవాలని ఉన్నదా అని అమ్మను, నాన్నను వారు నిర్ణయించుకోగలిగిన రోజులలోనే అడగండి. వారికి తెలియకుండా వారి గురించి నిర్ణయించకండి. మనకు మాటలు నేర్పినవారితో ఆ మాట మాట్లాడటానికి ఆలస్యం చేయవద్దు.