కోరంగి రేవు



సముద్రమునకు దూరముగా, రెండువేల అడుగులకు పైబడిన మెట్టనేలపై నున్న పలమనేరులో ఓడరేవును గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. మన కౌండిన్య నదిలో ఓడలు సాగవు. అయినను, రేవనగా నేమి? సరకు ఒక తీరు దారి విడిచి మరియొక తీరు దారి పట్టుచోటు. మొగిలి కనుమ నెక్కిన బండ్లు మైసూరు మెట్టభూమిని చేరుచోట మన ఊరు వెలసినది. గోదావరి కడలిని చేరుచోట కోరంగి వెలసినది. ఈ రెంటికిని చుట్టరికము కలదు.

కోరంగి కాకినాడకు దక్షిణముగా, గౌతమి పాయల నడుమ నున్న ఊరు. మన తూర్పుతీరమున ఓడలకు చాటు తక్కువ. చెన్నపట్టణమున సయితము రేవు కట్టకమునుపు ఓడలు దూరముగా లంగరు వేసెడివి. సరకును మసూలా పడవలపై అలలు దాటించి ఒడ్డు చేర్చెడివారు. కోరంగిలో నన్ననో, నైరుతి గాలులు వీచు దినములలోను ఓడలు నిబ్బరముగా నిలిచెడివి. అచ్చట కలపయోడలను కట్టిరి, చెడినవానిని బాగుచేసిరి. 1802లో ఆల్బట్రాస్ అను ఆంగ్లేయ యుద్ధనౌక సయితము మరమ్మతుకై అచ్చటి గోదిలో చేరెను.

చెంతనే నీలపల్లి, ఇంజరము గ్రామముల నేత బట్టలకు విదేశములలో గిరాకి యుండెను. కావుననే ఆంగ్లేయులు ఇంజరమునను, ఫ్రెంచివారు యానామునను వర్తకశాలలు నెలకొల్పిరి. నదీముఖము ఎవరి చేత నున్నదో, సాలెవాని మగ్గమునుండి దూరదేశపు అంగడివరకు గల దారి వారి చేత నుండును. కనుమల సంగతియు నిట్టిదే. 1791 ఫిబ్రవరిలో కారన్వాలిసు ఆంబూరు వైపు పోవునట్లు టిప్పు సుల్తానును భ్రమింపజేసి, సేనతో మొగిలి కనుమ నెక్కి పలమనేరు చేరెను. మరుసటి నెలలోనే బెంగుళూరు కోట అతని వశమయ్యెను.

అట్టి కోరంగి ఏల క్షీణించెను? 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరియొకసారి ఉప్పెనలు ఊరిని ముంచివేసెను. కలకత్తాలో నివసించిన హెన్రీ పిడింగ్టన్ ఇట్టి గాలివానలను పరిశోధించి, వానికి ‘సైక్లోన్’ అను పేరు పెట్టెను. అయితే ఉప్పెన ఒక దినపు శత్రువు, ఒండ్రు నిత్యశత్రువు. గోదావరి తెచ్చిన మట్టి ఏటేట మేటలు వేయగా నదీముఖము పూడినది. ఓడలు పెద్దవైన కొలది లోతు చాలకపోయెను. వర్తకము కాకినాడకు తరలిపోయెను. నేడు కోరంగి పేరు చెప్పగానే జనులకు స్ఫురించునది మడ అడవి; దానిని 1978లో వన్యప్రాణి రక్షణస్థానముగా ప్రకటించిరి.

రేవు పోయినను పేరు పోలేదు. బ్రతుకుతెరువునకై బర్మా కేగిన తెలుగు కూలీలను రంగూనులో ‘కోరంగీలు’ అని పిలిచిరి. అచ్చటి ఓడరేవున మూటలు మోసినవారిలో అనేకులు వారే. 1930 మేలో జరిగిన అల్లరులలో వారు ప్రాణములు కోల్పోయిరి. 1942లో జపానువారి దండయాత్రకు వెరచి వేలకొలది భారతీయులు కాలినడకన అడవులు దాటి స్వదేశమునకు మరలిరి.

సోదరులారా! కోరంగి కథ మనకు తెలియుచున్నది ఎక్కువగా కుంఫిణీ దస్తరములవలన. ఓడ చెక్కిన వడ్రంగి లెక్క యేది? బట్ట నేసిన సాలెవాని మాట యేది? పాయలో మేటవేసిన మట్టిని త్రవ్వి తీయవచ్చును. పోయిన కాగితమును మరల తేలేము.

మొగిలి కనుమ బండ్ల వర్తకము కథకు అట్టి గతి పట్టనీయకుడు. మీ యిండ్ల అటుకలమీద తాతలనాటి చిట్టాలు, ఆవర్జాలు, బాడుగ చీట్లు ఉన్నయెడల చెదలపాలు చేయక ఈ గ్రంథాలయమునకు ఇండు. బండ్లు తోలినవారి మాటలు విన్న వృద్ధులుండిన, విద్యార్థులు వారిచెంత కూర్చుండి వ్రాసికొనవలెను. ఈ బీరువాలలో ఒక అర మన ఊరి లెక్కలకై కేటాయింపుడని కార్యవర్గమును ప్రార్థించుచున్నాను.